ముందు ఉండేది తీసిపెట్టుకో

మొన్న ఆదివారం మా ఇంట్లో కంప్యూటర్ అప్‌డేట్ వేసుకుంటూ ముప్పై అయిదు శాతం దగ్గర ఆగిపోయింది. కాసేపు అట్లాగే ఉండి, చేసిన మార్పులన్నీ వెనక్కి తీసుకుంటున్నానని తెరమీద రాసి, మళ్ళీ ముందున్నట్టే లేచింది. మూడుసార్లు ఇదే తంతు. నాలుగోసారి నేను ఎప్పటిలాగే ఆయనకు ఫోన్ చేశాను.

ఆయనది నగరి. వారానికి రెండు మూడు రోజులు బస్సెక్కి తిరుపతి వచ్చి, ఇళ్ళకు వెళ్ళి కంప్యూటర్లు బాగుచేసేవాడు. ఫోన్ ఎత్తింది ఆయన కాదు, ఆయన భార్య. వెనక మరమగ్గాల మోత. ఆ మోతలో ఆమె అరిచి మాట్లాడాల్సి వచ్చింది.

"ఆయన పోయి నలభై దినాలైందన్నా. పొద్దున కాఫీ తాగతా తాగతా గోడకు ఆనుకున్యాడు. అంతే."

చావు కబురు అంత గట్టిగా చెప్పగా నేనెప్పుడూ వినలేదు. తిరుపతి నుంచి మాట్లాడుతున్నానని మాత్రం అన్నాను.

"పుస్తకాల అయివారా?" అంది.

మా వైపు బడిపంతులును అయివారు అంటారు. నేను పంతుల్ని కాను. పదో తరగతితో బడి మానేసి పాల కేంద్రంలో పాలు పరీక్షచేసే పనిలో చేరినవాణ్ణి. నా మిగతా చదువంతా గ్రంథాలయంలో సాగింది. మా ఇంట్లో పుస్తకాలు చూసి ఆయన పెట్టిన పేరు అది. ఇంటికి వెళ్ళి భార్యతో కూడా నా గురించి చెప్పేవాడని నాకు తెలియదు.

"అవునమ్మా," అన్నాను.

"మీ ఇంటికి శానాసార్లు వచ్చినాడు గదన్నా. మీ కంప్యూటర్లో యాడన్నా ఆయన గొంతు ఉండాదేమో సూస్తారా?"

ఆయన ఫోనుకు వేసుకున్న తాళం ఇంట్లో ఎవరికీ తెలియదట. బజార్లో ఒక అంగట్లో ఇస్తే తెరిచి ఇచ్చారు గాని, లోపల ఉన్నదంతా తుడిచిపెట్టి ఇచ్చారు. "పెండ్లి ఫోటో ఉండాది, ఆధార్ కార్డు ఫోటో ఉండాది. గొంతే లేదు. నలభై దినాలకే ఆయన నన్ను ఎట్లా పలకరించేవాడో సరిగ్గా గుర్తురావడంల్యా అన్నా. పక్కన ఈ మోత ఒకటి."

చూస్తానని చెప్పి పెట్టేశాను. నిజానికి వెతకాల్సిన పని లేదు. ఆయన గొంతు మా కంప్యూటర్లో ఒకే ఒకసారి ఎక్కింది. దాన్ని నేనే తుడిచేశాను.

*

ఆయన మా ఇంటికి వచ్చే పద్ధతి ఒకటే. చీరల అంగడి గుడ్డసంచీ భుజానికి. అందులో వక్కపొడి డబ్బా, ఆ డబ్బాలో స్క్రూడ్రైవర్లు. చెప్పులు విడిచి, కొళాయి దగ్గర చేతులు కడిగి, తువ్వాలుతో వేళ్ళ సందులు కూడా తుడుచుకొని అప్పుడు కంప్యూటర్ ముందుకు వచ్చేవాడు. కూర్చోగానే మెషీన్‌ను ముట్టేవాడు కాదు. మమ్మల్ని అడిగేవాడు.

"కడాగా ఏం జేసినారు?"

చివరిసారి ఏం చేశారని. అందరం చెప్పే జవాబే మేమూ చెప్పేవాళ్ళం, ఏమీ చేయలేదని. ఆయన తల ఊపి, ఇంకాసేపు కూర్చునేవాడు.

"ఏమీ సేయకుండా ఏదీ ఆగదు అయివారూ. మగ్గం ఆగిందంటే యాడో పోగు తెగుండాది. తెగిన కాడికి పోవల్ల. ఊరికే మగ్గాన్ని తన్నితే ఇంకో నాలుగు తెగతాయి."

ఇరవై ఏళ్ళు మరమగ్గాల మెకానిక్‌గా పనిచేసినవాడు. కంప్యూటర్ కూడా ఆయనకు మగ్గమే. ముందు ప్రింటర్, పెన్‌డ్రైవ్, స్పీకర్లు, ఒక్కొక్కటే పీకి పక్కన పెట్టేవాడు. కొత్త అప్‌డేట్ ఎక్కేటప్పుడు దానికి అడ్డం ఎవరూ ఉండకూడదనేవాడు. పీకిన ప్రతి వైరునూ నూలు చుట్టినట్టు చుట్టి, సంచీలోంచి రంగుదారం తీసి ముడి వేసేవాడు. ఆ ముడి మగ్గం మీద తెగిన పోగుకు వేసే ముడి, చాలా చిన్నది. ఎంత లాగినా ఊడదు, వేలితో తడిమితే తగలదు. మా ఇంట్లో ఏ వైరు చూసినా ఇప్పటికీ ఎర్రదారమో పచ్చదారమో ఉంటుంది.

ఆ తర్వాత ఆయన మాట ఒకటి. అది లేకుండా పని మొదలయ్యేది కాదు. "ముందు ఉండేది తీసిపెట్టుకో." ఏది పోతే మీరు ఏడుస్తారో అది చెప్పండి, దాన్ని ముందు బయటికి తీసిపెడదాం, బాగుచేసేది తర్వాత. ఈ ప్రశ్నకు జనం చెప్పే జవాబులు ఆయనకు మహా ఇష్టం. ఒకాయన తన కోళ్ళఫారం ఫోటోలు అన్నాడట. ఒకావిడ మొగుడు చూస్తుండగా ఏమీ లేవని చెప్పి, అతను బయటికి పోయినాక, కాలేజీ ఫోటో ఒకటి ఉంది, దాన్ని భద్రం చెయ్యి అందట. ఇట్లాంటివి చెప్పేవాడు గాని, ఎవరి ఇల్లో ఒక్కసారి కూడా చెప్పలేదు.

మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు రోగం అయిదు నిమిషాల్లో పట్టేశాడు. అప్‌డేట్ ఎక్కడానికి లోపల చోటు లేదు. నేను అక్కడా ఇక్కడా దొరికిన పాత పుస్తకాల స్కాన్లన్నీ దింపుకొని డ్రైవ్ నింపేశాను.

"ఎన్ని వేలుంటాయి అయివారూ ఇవి?"

"లెక్కబెట్టలేదన్నా."

"సదివినవి?"

వంటింట్లోంచి నా భార్య పలికింది. "ఆ మాట నేనడిగితే కోపమొస్తాది."

"లేదక్కా, సదువుతాడు," అన్నాడు ఆయన నా పక్షాన. "కాకపోతే ఇవి దానికి కాళ్ళు సాపుకొనే చోటు గూడా ఇయ్యలా. కొన్నిటిని వేరే డబ్బాలోకి తోలేద్దాం. సదివేటప్పుడు పిలుసుకోండి."

అప్‌డేట్ ఎక్కుతున్నంతసేపూ ఆయన కదిలేవాడు కాదు. వేరేవాళ్ళు మొదలుపెట్టి వెళ్ళిపోతారు, ఈయన గంటయినా రెండు గంటలయినా దాని ముందే. పక్కలో జ్వరంతో పండుకున్న పిల్లను చూస్తున్నట్టు చూసేవాడు. శాతం కదలకపోతే నా చేయి ఊరుకునేది కాదు, మౌస్ మీదికి పోయేది. "ఇరు, ఇరు," అనేవాడు. ఉండు ఉండు అని. నగరిలో తెలుగు ఎక్కడ ఆగుతుందో, అరవం ఎక్కడ మొదలవుతుందో ఆ ఊరివాళ్ళకే తెలియదు.

అట్లా కూర్చున్న ఒకరోజు నేను నా చదువు బయటికి తీశాను. కంప్యూటర్‌కు మూలం మగ్గమేననీ, పూర్వం అట్టముక్కల్లో బెజ్జాలు పెట్టి మగ్గానికి డిజైన్ చెప్పేవాళ్ళనీ, ఆ బెజ్జాల పద్ధతి నుంచే ఇదంతా పుట్టిందనీ గ్రంథాలయంలో చదివింది చెప్పాను. ఆయన తెరమీద నుంచి చూపు తిప్పి నన్ను చూశాడు.

"అది పుస్తకంలో రాసుండారా?"

"రాసుండారు."

"పదిహేనేండ్లప్పుడు ఆ బెజ్జాలు కొట్టిందే మేం గదప్పా." తన కుడిచేతి బొటనవేలు చూపించాడు. లోపలివైపు నున్నగా గట్టిపడి ఉంది. "మేం కొట్టిన బెజ్జాలు గూడా పుస్తకాల్లోకి ఎక్కినాయా. సరి సరి."

ఆయన సంతోషించాడు. నాకు మాత్రం ఏదో లాగేసుకున్నట్టు అనిపించింది. నేను చదివి సంపాదించింది ఆయన బొటనవేలికి ముందే ఉంది.

*

ఇక ఆయుధపూజనాటి సంగతి.

మా అత్త, అంటే నా భార్య తల్లి, పాటలు బాగా పాడేది. నాట్లప్పుడు పాడేవి, పెండ్లిలో నలుగు పెట్టేటప్పుడు పాడేవి. ఆమె పోయే ముందు సంవత్సరం నా భార్య ఫోన్లో పదిహేడు పాటలు రికార్డు చేసి, కంప్యూటర్లో పెట్టించుకుంది. తర్వాత ఆ ఫోను నీళ్ళ డ్రమ్ములో పడి చచ్చిపోయింది. పాటలు కంప్యూటర్లో మాత్రమే మిగిలాయి. వేరేచోట ఒక కాపీ పెట్టమని ఆమె నన్ను ఎన్నిసార్లు అడిగిందో. పెడతాను పెడతాను అంటూ వచ్చాను.

ఆయుధపూజనాడు పాలకు సెలవు లేదు. నేను పొద్దున్నే పనికి పోయాను. కంప్యూటర్ అప్‌డేట్ వేసుకుంటూ ఉంది. మా ఇళ్ళలో ఆరోజు పనిముట్టు దేనికైనా విశ్రాంతి. కుట్టుమిషన్, కత్తిపీట, సైకిలు, అన్నిటినీ కడిగి బొట్టు పెట్టి పక్కన పెడతారు. నడుస్తున్నదానికి పూజ చేయరు. నా భార్య కంప్యూటర్‌ను స్విచ్చి దగ్గరే ఆపేసి, పసుపు రాసి, కుంకుమ పెట్టి, చామంతి దండ వేసింది. ఆపవద్దని తెరమీద ఇంగ్లీషులో రాసి ఉంది. ఆమెకు ఇంగ్లీషు రాదు. నాకు వచ్చు, నేను ఇంట్లో లేను.

మధ్యాహ్నం వచ్చి ఆన్ చేస్తే లేవలేదు. రిపేరు చేసుకుంటున్నానంటుంది, చీకటవుతుంది, మళ్ళీ మొదటికి. జరిగింది తెలిసి ఆమె గడపలో అట్లాగే కూర్చుండిపోయింది. "మాయమ్మ పాటలు?" అంది.

ఆయనకు ఫోన్ చేశాను.

"ఈపొద్దు నేను పని ముట్టను అయివారూ. స్క్రూడ్రైవర్లకు బొట్టుపెట్టి పండుకోబెట్టినా. రేపు దశమి, మొదటి బస్సుకు వస్తా. అంతదాకా దాన్ని ముట్టొద్దు. ఊరూరికే ఆన్ సేయద్దు."

నాకు కోపం వచ్చింది. గ్రంథాలయం నుంచి తెచ్చిన కంప్యూటర్ పుస్తకం ఒకటి ఇంట్లో ఉంది. మెషీన్ లేవకపోతే సి డ్రైవ్‌ను ఫార్మాట్ చేసి కొత్తగా ఎక్కించమని అందులో వరసగా, బొమ్మలతో సహా ఉంది. పాటలు డెస్క్‌టాప్ మీద కదా ఉన్నాయి, సి డ్రైవ్‌లో లేవు కదా అనుకున్నాను. అరగంట పని, నేనే చేస్తానన్నాను.

నా భార్య లేచి, దండ పక్కకు జరిపి, కరెంటు వైరు పీకి, బియ్యం డబ్బాలో పెట్టి మూత వేసి దానిమీద కూర్చుంది.

"ఆయన రేపొస్తానన్యాడు గదా," అంది. "పండగపూట దాన్ని ఒకసారి సంపింది సాలు."

మరుసటి పొద్దున ఆరున్నరకు ఆయన వచ్చాడు. చేతులు కడుక్కున్నాడు. దండ తీసి అటు పెట్టాడు. నేను తడిగుడ్డతో కుంకుమ తుడవబోతే, "ఉండనీలే, అది దాని బొట్టు," అన్నాడు. నా భార్యను అడిగాడు, కడాగా ఏం జేసినావక్కా అని. ఆమె చెప్పింది, ఏడుస్తూ.

"నువ్వు సేసింది తప్పేమీ కాదులే. నడిసేదాన్ని ఆపకుండా ఎవురు పూజ సేస్తారు? మా ఇంట్లో అయినా మగ్గం ఆపేస్తాం. ఇది సెప్పలేక పాయె, అంతే. ముందు ఉండేది తీసిపెట్టుకుందాం."

తన పెన్‌డ్రైవ్‌తో కంప్యూటర్‌ను వేరేగా లేపి, లోపలికి దారి చేసుకున్నాడు. పది గంటలకు పాటలు కనిపించాయి. పదిహేడూ. తనతో తెచ్చిన చిన్న డిస్కులోకి ముందు వాటిని ఎక్కించాడు. ఎక్కించినవి తన ఫోన్లో పెట్టి మొదటి పాట వినిపించాడు. మా అత్త గొంతు ఇంట్లోకి వచ్చింది. నా భార్య చీరకొంగు నోట్లో కుక్కుకొని వింది. ఆయన మాత్రం తల వంచుకొని ఒక వైరు చుడుతూ ఉన్నాడు.

సగంలో తెగిన అప్‌డేట్‌ను వెనక్కి లాగేసరికి పన్నెండయింది. మళ్ళీ మొదటి నుంచి ఎక్కించి, అది పూర్తయ్యేదాకా కూర్చున్నాడు. సంగటి పెడితే తెరను చూస్తూనే తిన్నాడు. అంతా అయ్యాక కంప్యూటర్‌కు మాట రాలేదు. సౌండు పోయింది. దాన్నీ సరిచేసి, మైకు పనిచేస్తుందో లేదో చూడటానికి తన గొంతు రికార్డు చేశాడు. ఆ గొంతే.

పొద్దున్నుంచీ నా భార్య ఆయన్ను పొగుడుతూనే ఉంది. నాకు లోపల ఎక్కడో మండుతూనే ఉంది. ఆయన మైకు దగ్గర వంగి లెక్కపెడుతుండగా నేను అందుకున్నాను. ఫార్మాట్ గురించి ఏదో అన్నానని తప్ప, ఏ మాటలన్నానో ఆ సాయంత్రానికే మరచిపోయాను.

వెళ్ళేముందు ఆయన ఈసారి మొత్తం కంప్యూటర్‌ను ఆ డిస్కులోకి కాపీ చేశాడు. "బాగైనాక గూడా తీసిపెట్టుకోవల్ల. బాగుండేటప్పుడే ఎవురూ తీసిపెట్టుకోరు." డిస్కుకు ఎర్రదారం చుట్టి నా భార్య చేతికిచ్చాడు. "చీరల్లో పెట్టుకో అక్కా. అయివారి చేతికి ఇయ్యద్దు." ముగ్గురం నవ్వుకున్నాం.

వారం తర్వాత నేను కంప్యూటర్ శుభ్రం చేస్తూ, అక్కర్లేనివన్నీ తీసేస్తూ, 'టెస్ట్' అని పేరున్న ఆ రికార్డింగ్‌ను వినకుండానే తుడిచేశాను.

ఇంకొన్ని నెలలకు గ్రంథాలయంలోనే వేరే పుస్తకంలో చదివాను. డెస్క్‌టాప్ మీద పెట్టేవన్నీ ఉండేది సి డ్రైవ్‌లోనే. ఆరోజు నేను ఫార్మాట్ కొట్టి ఉంటే పదిహేడు పాటలూ పోయేవి. ఈ సంగతి ఆయనకు తెలుసు. ఆరోజు నా ఎదుట, నా భార్య ఎదుట ఆ ఒక్కమాట అనడానికి ఎంతసేపు పట్టేది? అనలేదు. తర్వాత ఆయన మా ఇంటికి నాలుగుసార్లు వచ్చాడు. నాలుగుసార్లూ చెప్పాలనుకున్నాను, తప్పు నాదన్నా అని. అప్‌డేట్ అవుతూ ఉండేది, వేరే మాటలు వచ్చేవి, ఆయన బస్సుకు టైమయ్యేది.

*

ఫోన్ పెట్టేశాక నా భార్యకు చెప్పాను. ఆమె ఏమీ అడక్కుండా బీరువా తెరిచి, చీరల మడతల్లోంచి డిస్కు తీసింది. ఎర్రదారం ముడి విప్పడం ఇద్దరికీ చేతకాలేదు. కత్తిరించాల్సి వచ్చింది.

'టెస్ట్' అందులో ఉంది. ఇరవై రెండు సెకన్లు. ఇద్దరం విన్నాం. విన్నాక నా భార్య నా ముఖం చూడలేదు. "నగరికి పోదాం," అంది.

పుత్తూరు మీదుగా బస్సులో పోయాం. ఇల్లు వెతుక్కోవడం కష్టం కాలేదు. ఆ వీధిలో అందరూ ఆయన్ను ఎరుగుదురు. ముందుగదిలో రెండు మరమగ్గాలు. ఒకటి నడుస్తూ ఉంది, రెండోది ఆగి ఉంది. ఆమె నడిచే మగ్గం ఆపింది. అయినా మోత తగ్గలేదు. పక్కిళ్ళ మగ్గాలు. ఆమె గోడమీద అరచేత్తో నాలుగుసార్లు కొట్టింది. అటువైపు మోత ఆగింది. అటువైపువాళ్ళు వాళ్ళ అవతలి గోడ కొట్టినట్టున్నారు, కాసేపటికి ఇంకోటీ ఆగింది. ఆ వీధిలో అంత నిశ్శబ్దం ఉండగలదని నేననుకోలేదు.

ఫోన్ ఆమె చేతిలో పెట్టి రికార్డింగ్ వేశాను.

"ఒకటి," అన్నాడు ఆయన. "రెండు."

ఆ తర్వాతంతా నేను. "ఇదంతా ఏంటికన్నా? నిన్ననే ఫార్మాట్ కొట్టుంటే అరగంటలో అయిపోయేది. పుస్తకంలో తేటగా రాసుండాది. నువ్వు మగ్గం పద్ధతి పట్టుకోని దినమంతా కూసుంటివి. సదువుకున్నోడు సెప్తే ఇనల్ల గదా. ఇంటా ఉండావా?"

వింటున్నావా అని అడిగాక రెండు సెకన్లు ఏమీ లేదు. ఫ్యాను చప్పుడు.

"ఇంటానే ఉండా," అన్నాడు ఆయన. "సెప్పు."

అంతే. అక్కడితో అయిపోతుంది.

నేను తలెత్తలేకపోయాను. ఆమె అడిగింది ఆయన గొంతు. నేను తీసుకుపోయి ఇచ్చింది ఎక్కువగా నా గొంతు. "నా మాటలు తీసేయొచ్చమ్మా," అన్నాను. "ఎవరిచేతనైనా చేయించి, ఆయనవి మాత్రం ఉంచి తెస్తాను. ఆరోజు నేనన్నదంతా తప్పు. ఆయనకు చెప్పలేకపోయినా."

"వద్దన్నా," అంది. "మీరు మాట్లాడతా ఉంటే ఆయన ఊరుకుండేది గూడా తెలస్తా ఉండాది. ఇంట్లో గూడా అట్లే ఊరుకుండేవాడు." ఫోన్ చేతిలోనే పట్టుకొని, "నేను ఎంత అరిసినా కడాకు ఆ మాటే అనేవాడు. అదే నాకు గుర్తురాలా," అంది.

ఆమె ఫోన్లోకీ, లోపలినుంచి వచ్చిన కూతురి ఫోన్లోకీ ఎక్కించి ఇచ్చాను. నా భార్య దగ్గరుండి రెండు చోట్లా వినిపించి చూసుకుంది. బయల్దేరతామని లేచాం. ఆమె ఆగిపోయిన రెండో మగ్గం దగ్గర నిలబడి ఉంది. పక్కిళ్ళవాళ్ళు ఇంకా మగ్గాలు వేయలేదు. మేం గడప దిగి చెప్పులు వేసుకుంటుంటే లోపల మళ్ళీ ఒకటి, రెండు అని వినబడింది. తర్వాత నా గొంతు, చాలాసేపు. తర్వాత ఆయన.

"ఇంటానే ఉండా. సెప్పు."

"దీని బెల్టు తెగిపోయుండాది," అంది ఆమె నెమ్మదిగా. "నెలైంది. ఎవురూ రాలా."